మెగ్నీషియం లోపలి ఇనుము

నిర్మాణ అవసరాలకు వాడుకునే లోహాలన్నిటిలోనూ మెగ్నీషియం అత్యంత తేలికైనది. ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాముల సాంద్రత గల ఈ లోహం అల్యూమినియం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు, ఇనుము బరువులో నాలుగో వంతు కంటె తక్కువ తూగుతుంది. భూమి పైపొరలో విస్తారంగా దొరుకుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 1.3 గ్రాముల చొప్పున కరిగి ఉంది. పోతకూ కోతకూ సులువుగా లొంగుతుంది. ఇన్ని అనుకూలతలు ఉన్న లోహం ఇరవయ్యో శతాబ్దమంతా అల్యూమినియం వెనుకనే నిలిచిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి లోహక్షయం, అంటే నీరూ ఉప్పూ తగిలిన లోహం రసాయన చర్యకు లోనై క్రమంగా తరిగిపోవడం. ఆ క్షయానికి మూలం మెగ్నీషియం స్వభావంలో కొంత ఉన్నా, దాన్ని కరిగించిన పాత్రలోనూ, అందులో కలిసిన మలినాల్లోనూ, అది చల్లారి గడ్డకట్టిన తీరులోనూ అంతకంటె ఎక్కువ ఉందని గ్రహించడానికి ఈ పరిశ్రమకు అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

1808లో హంఫ్రీ డేవీ ఈ లోహాన్ని దాని సమ్మేళనం నుంచి మొదటిసారిగా విడదీశాడు. 1833లో మైకేల్ ఫారడే కరిగించిన మెగ్నీషియం క్లోరైడు గుండా విద్యుత్తును పంపి లోహాన్ని రాబట్టాడు. 1852లో రాబర్ట్ బున్సెన్ అదే పద్ధతికి అనువైన విద్యుద్విశ్లేషణ ఘటాన్ని రూపొందించాడు. అయినా ఆ శతాబ్దం చివరిదాకా మెగ్నీషియానికి గిరాకీ దాని మంట వల్లనే వచ్చింది. కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లటి వెలుగుతో మండే మెగ్నీషియం రిబ్బన్లూ, పొడీ ఫొటోగ్రాఫర్లకు పగటి వెలుగు లేని చోట ఆధారమయ్యాయి. కాల్చడానికే కొనే లోహం కొన్నేళ్లకు ఏమవుతుందన్న ప్రశ్న అప్పట్లో ఎవరికీ రాలేదు. 1886లో జర్మనీలోని బ్రెమెన్ సమీపాన హెమెలింగెన్‌లో, స్టాస్‌ఫుర్ట్ పొటాష్ గనుల నుంచి వచ్చే కార్నలైట్ అనే ఖనిజాన్ని ముడిసరుకుగా తీసుకుని ఉత్పత్తి మొదలయ్యాక లోహం పెద్ద మొత్తంలో దొరకసాగింది. తరువాత బిట్టర్‌ఫెల్డ్‌లో ఈ పనిని చేపట్టిన గ్రీస్‌హైమ్-ఎలెక్ట్రాన్ సంస్థ, అల్యూమినియం, జింకు కలిపిన మెగ్నీషియం మిశ్రమలోహాలను 1909లో ఫ్రాంక్‌ఫుర్ట్‌లో జరిగిన అంతర్జాతీయ వైమానిక ప్రదర్శనలో ‘ఎలెక్ట్రాన్’ అనే పేరుతో లోకానికి చూపింది. మంటకు పేరుపడిన లోహం విమాన భాగాలకు పనికివచ్చే నిర్మాణ లోహంగా మారింది అక్కడి నుంచే. లోహక్షయం సమస్యగా పైకి వచ్చిందీ అక్కడి నుంచే.

మెగ్నీషియం ఎందుకంత తేలిగ్గా క్షయిస్తుందో తెలియాలంటే దాని విద్యుద్రసాయన స్థానాన్ని చూడాలి. ఎలక్ట్రాన్లను వదులుకునే తత్త్వాన్ని కొలిచే ప్రమాణ పొటెన్షియల్ ఇనుముకు మైనస్ 0.44 వోల్టులు, అల్యూమినియానికి మైనస్ 1.66 వోల్టులు కాగా, మెగ్నీషియానికి అది మైనస్ 2.37 వోల్టులు, అంటే వాడుకలో ఉన్న నిర్మాణ లోహాల్లో ఇదే అత్యంత చురుకైనది. అల్యూమినియం కూడా చురుకైనదే అయినా దాని మీద ఏర్పడే ఆక్సైడు పొర సన్నగా, గట్టిగా అతుక్కుని అడుగు లోహాన్ని కాపాడుతుంది. మెగ్నీషియం ఆక్సైడుకు ఆ శక్తి లేదు. ఆక్సైడు ఘనపరిమాణాన్ని అది పుట్టిన లోహపు ఘనపరిమాణంతో పోల్చి పొర రక్షణ ఇస్తుందో లేదో అంచనా కట్టే పద్ధతిని 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ ప్రతిపాదించారు. మెగ్నీషియం విషయంలో ఆ నిష్పత్తి 0.81 మాత్రమే కనుక పుట్టిన ఆక్సైడు అడుగున ఉన్న లోహాన్ని పూర్తిగా కప్పలేదు. తడిలో దాని మీద ఏర్పడే హైడ్రాక్సైడు పొర బాగా క్షారగుణం ఉన్న ద్రవంలో నిలుస్తుంది గాని మామూలు నీటిలో మెల్లగా కరుగుతుంది, ఉప్పునీటిలోని క్లోరైడు దాన్ని ఛేదిస్తుంది. లోహం కరిగిన చోట నీటి నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. ఒక గ్రాము మెగ్నీషియం తరిగితే సుమారు ఒక లీటరు హైడ్రోజన్ పుడుతుంది. ఈ లెక్క ఆధారంగానే, ఉప్పునీటిలో ఉంచిన నమూనా మీద గరాటును బోర్లించి, పైకి లేచే బుడగలను గాజు గొట్టంలో పట్టి క్షయవేగాన్ని కొలిచే పద్ధతి తరువాతి కాలపు ప్రయోగశాలల్లో స్థిరపడింది.

ఎలెక్ట్రాన్ వంటి తొలితరం మిశ్రమలోహాలు పొడి గాలిలో బాగానే నిలిచినా సముద్రపు గాలికి తట్టుకోలేకపోయాయి. పరిశ్రమ అప్పట్లో వెతికిన మందులన్నీ పైపూతలే: నూనెలు, వార్నీషులు, రంగులు, 1930ల నాటికి క్రోమేటు ద్రావణాల్లో ముంచి పైపొరను మార్చే పద్ధతులు. అవి పనికిరానివని అనలేం, కొన్ని నేటికీ వాడుకలో ఉన్నాయి. కాని పూత గీసుకుపోయిన చోట లోహం మళ్లీ మొదటికి వచ్చేది. అంతకంటె కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. ఒకే పాళ్లలో కలిపి ఒకే కర్మాగారంలో పోసిన రెండు దిమ్మల్లో ఒకటి ఉప్పునీటిలో నెలల తరబడి నిలిస్తే, రెండోది కొద్ది రోజుల్లోనే గుంటలు పడి తెల్లటి పొడిగా రాలేది. మెగ్నీషియం నమ్మదగని లోహమన్న అపకీర్తికి మూలం ఈ అనిశ్చితే. ఎంత క్షయిస్తుందో ముందుగా తెలిస్తే ఇంజనీరు దానికి తగిన మందం ఇచ్చుకోగలడు. తెలియకపోతే ఆ లోహాన్నే పక్కన పెడతాడు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ సరఫరా ఆగిపోవడంతో అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు మిడ్‌లాండ్‌లో ఉన్న డౌ కెమికల్ సంస్థ 1916లో మెగ్నీషియం ఉత్పత్తికి దిగి, తన మిశ్రమలోహాలను ‘డౌమెటల్’ పేరుతో అమ్మసాగింది. 1920లలో అక్కడి లోహశాస్త్రజ్ఞులు కొద్దిపాటి మాంగనీసు చేర్చితే ఉప్పునీటిలో క్షయం గణనీయంగా తగ్గుతుందని గమనించారు; అమెరికా ప్రభుత్వ వైమానిక సలహా సంఘం 1927లో ప్రచురించిన జె. ఎ. బోయర్ నివేదిక కూడా మాంగనీసు ఉన్న మెగ్నీషియం-అల్యూమినియం మిశ్రమలోహాల క్షయాన్నే పరిశీలించింది. మాంగనీసు ఎందుకు పనిచేస్తుందో మాత్రం అప్పటికి స్పష్టం కాలేదు. మందు దొరికింది గాని జబ్బు ఏమిటో తేలలేదు.

జబ్బును తేల్చింది 1942లో వెలువడిన ఒక పరిశోధన పత్రం. డౌ సంస్థ ప్రయోగశాలలో జె. డి. హానవాల్ట్, సి. ఇ. నెల్సన్, జె. ఎ. పెలూబే కలిసి చేసిన ఆ పని మెగ్నీషియం చరిత్రలో అన్నిటికంటె గౌరవించదగినదని చెప్పడం అతిశయోక్తి కాదు. హానవాల్ట్ అప్పటికే, పొడి చేసిన పదార్థాల ఎక్స్-రే వివర్తన రేఖలను వర్గీకరించి తెలియని పదార్థాన్ని గుర్తించే పద్ధతికి 1938లో పునాది వేసిన వ్యక్తి. పదార్థం లోపల ఏముందో వెతికి పట్టే ఆ అలవాటే లోహక్షయం విషయంలోనూ ఆయనకు దారి చూపినట్టుంది. ఆ బృందం అత్యంత శుద్ధమైన మెగ్నీషియంతో మొదలుపెట్టి, ఒక్కొక్క మూలకాన్ని కొలిచిన పరిమాణాల్లో చేర్చుతూ, నమూనాలను మూడు శాతం ఉప్పునీటిలో ముంచుతూ తీస్తూ వాటి బరువు తరుగుదలను నమోదు చేసింది. ఫలితం ఎవరూ ఊహించనిది. అల్యూమినియం, మాంగనీసు, సీసం, తగరం వంటివి తగుపాళ్లలో కలిసినా క్షయవేగం పెద్దగా మారలేదు. ఇనుము, నికెల్, రాగి మాత్రం ఒక హద్దు దాకా మౌనంగా ఉండి, ఆ హద్దు దాటగానే క్షయవేగాన్ని పదుల రెట్లు పెంచాయి. ‘సహన పరిమితి’గా పేరుపడిన ఆ హద్దు శుద్ధ మెగ్నీషియంలో ఇనుముకు 0.017 శాతం, రాగికి 0.1 శాతం, నికెల్‌కు 0.0005 శాతం, అంటే పది లక్షల భాగాల్లో అయిదు భాగాలు. ఒకే పాళ్ల దిమ్మలు రెండు తీరులుగా ప్రవర్తించడంలోని రహస్యం ఇదే: ఒకటి హద్దుకు ఈవల ఉంది, రెండోది ఆవల ఉంది, నాటి కర్మాగారాల్లో ఈ తేడాను కొలిచే అలవాటు లేదు.

ఆ ఇనుము వచ్చే చోటు మెగ్నీషియం కరిగించే పాత్ర. కరిగిన మెగ్నీషియం ఇనుమును అల్యూమినియం అంత గట్టిగా తినదు కనుక దాన్ని ఉక్కు పాత్రల్లోనే కరిగించడం ఈ పరిశ్రమకు ఉన్న పెద్ద సౌకర్యం. అయితే స్వల్పంగానైనా ఇనుము ద్రవంలోకి దిగుతూనే ఉంటుంది, వేడి పెరిగిన కొద్దీ ఎక్కువగా దిగుతుంది. నికెల్ కలిసిన ఉక్కు పాత్రలను మెగ్నీషియం పోతకు దూరంగా ఉంచాలన్న నియమం కూడా ఈ పరిమితుల నుంచే పుట్టింది.

అంత తక్కువ ఇనుము అంత హాని ఎలా చేయగలదన్న ప్రశ్నకు జవాబు సూక్ష్మనిర్మాణంలో ఉంది. లోహం పైకి ఏకశిలగా కనిపించినా, నునుపుగా మెరుగుపెట్టి తగిన ఆమ్లంతో తడిపి సూక్ష్మదర్శిని కింద చూస్తే అది అసంఖ్యాకమైన చిన్న స్ఫటికాల కూర్పుగా బయటపడుతుంది; ఆ స్ఫటికాలను రేణువులనీ, అవి ఒకదానినొకటి తాకే అంచులను రేణు సరిహద్దులనీ అంటారు. గడ్డకట్టిన మెగ్నీషియంలో ఇనుము దాదాపు కరగదు, కనుక అది పరమాణువులుగా చెదిరి ఉండలేక వేరే కణాలుగా విడిపోతుంది. ఉప్పునీరు తగలగానే ఆ ఇనుప కణం కాథోడ్‌గా, చుట్టూ ఉన్న మెగ్నీషియం ఆనోడ్‌గా మారి, రెండూ కలిసి ఒక చిన్న విద్యుద్ఘటం అవుతాయి. హైడ్రోజన్ ఇనుము మీద అతి సులువుగా వెలువడుతుంది, ఆ చర్యకు కావలసిన ఎలక్ట్రాన్లను అందిస్తూ మెగ్నీషియం కరిగిపోతుంది. సహన పరిమితి సరిగ్గా 0.017 శాతం దగ్గరే ఎందుకుందో 2009లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలోని అట్రెన్స్ బృందం, జూరిచ్ శాస్త్రజ్ఞులతో కలిసి ప్రావస్థా చిత్రాల గణనతో వివరించింది. ప్రావస్థా చిత్రమంటే ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ పాళ్లలో, ఏ రకపు ఘనపదార్థం స్థిరంగా ఉంటుందో చూపే పటం. ద్రవ మెగ్నీషియంలో ఇనుము సుమారు 0.018 శాతానికి మించితే లోహం చల్లారేటప్పుడు ముందుగా ఇనుపకణాలే పుట్టి ద్రవంలో స్వేచ్ఛగా పెరుగుతాయి. అంతకు తక్కువైతే మెగ్నీషియమే ముందు గడ్డకట్టి ఇనుముకు పెరిగే చోటూ వ్యవధీ ఇవ్వదు. హానవాల్ట్ ఉప్పునీటి తొట్టెల్లో కొలిచిన హద్దూ ఈ గణనలో తేలిన హద్దూ అరవయ్యేడేళ్ల తేడాతో దాదాపు ఒకే చోట కలిశాయి. పోసిన దిమ్మను ఆ తరువాత ఎక్కువ సేపు వేడిలో ఉంచితే అంతకంటె చాలా తక్కువ ఇనుము కూడా కణాలుగా కూడుకుని హాని చేస్తుందన్న సంగతి కూడా ఇదే వివరణలో ఇమిడింది.

అల్యూమినియం చేరినప్పుడు పరిస్థితి మరింత విషమిస్తుంది, ఎందుకంటే అది ఇనుముతో సమ్మేళనమై కణాలు పుట్టడాన్ని సులభం చేసి సహన పరిమితిని బాగా కిందికి దించుతుంది. మాంగనీసు చేసే మేలు ఇక్కడే అర్థమవుతుంది. కరిగిన లోహంలో మాంగనీసు, అల్యూమినియం, ఇనుము కలిసిన బరువైన కణాలు ఏర్పడి చాలావరకు పాత్ర అడుగుకు దిగిపోతాయి. పోతలో మిగిలిపోయిన కణాల్లో కూడా ఇనుము మాంగనీసుతో కలిసి ఉండటం వల్ల కాథోడ్‌గా దాని చురుకు తగ్గుతుంది.

ఈ జ్ఞానం పుట్టిన సమయంలోనే పరిశ్రమ యుద్ధపు వేగంతో విస్తరించింది. 1941 జనవరిలో టెక్సస్ తీరాన ఫ్రీపోర్ట్‌లో డౌ సంస్థ సముద్రపు నీటి నుంచి మెగ్నీషియం తీసింది. 1943లో అమెరికా ఉత్పత్తి 1.6 లక్షల టన్నులు దాటింది. యుద్ధం ముగిశాక ఆ గిరాకీ కూలిపోయింది. శాంతికాలంలో ఈ లోహాన్ని పెద్ద ఎత్తున నిలబెట్టింది ప్రధానంగా ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు. గాలితో చల్లబడే ఆ ఇంజిన్ కేసూ, గేర్‌బాక్స్ కేసూ మెగ్నీషియం పోతలు, 1971లో ఆ సంస్థ వాడకం సుమారు 42,000 టన్నులకు చేరింది. అదే దశాబ్దంలో నీటితో చల్లబడే ఇంజిన్లు వచ్చాయి. మామూలు మెగ్నీషియానికి నీటితో నిత్య సాంగత్యం సరిపడదు, ఆ మార్పుతో ఆ మార్కెట్టు కరిగిపోయింది.

1942 నాటి ఫలితాలు కర్మాగారంలో కచ్చితమైన నియమంగా మారడానికి మరో నలభై ఏళ్లు పట్టడం ఆశ్చర్యకరమే. తొమ్మిది శాతం అల్యూమినియం, ఒక శాతం జింకు ఉన్న ఏజెడ్-91 అనే మిశ్రమలోహం అప్పటికే డై కాస్టింగ్‌కు, అంటే ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ద్రవలోహాన్ని పంపి పోసే పద్ధతికి, ప్రధాన లోహం. తుక్కు కరిగించి చేయడానికి వీలైన ‘బి’ రకంలో రాగిని 0.35 శాతం దాకా అనుమతించేవారు, కనుక ఉప్పు చల్లిన రోడ్ల మీద నడిచే బండ్లకు అది పనికివచ్చేది కాదు. 1980ల మధ్యలో డౌ సంస్థకు చెందిన రీచెక్, క్లార్క్, హిల్లిస్ ఇనుమును విడిగా కాక మాంగనీసుతో గల నిష్పత్తిగా చూడాలని నిరూపించి, ఆ నిష్పత్తి 0.032 దాటకూడదని తేల్చారు. ఇనుము 0.005, నికెల్ 0.002, రాగి 0.03 శాతాలకు మించని ‘డి’ రకం అలా స్థిరపడింది. ఉప్పునీటి తుంపర పరీక్షలో అది డై కాస్టింగ్ అల్యూమినియంతో దీటుగా, మామూలు ఉక్కు కంటె మెరుగ్గా నిలిచింది. మెగ్నీషియం తిరిగి కార్లలోకి ప్రవేశించిన కాలం అదే.

మలినాలు అదుపులోకి వచ్చాక, అంతవరకూ వాటి చాటున ఉన్న రెండో ప్రశ్న పైకి వచ్చింది. ఏజెడ్-91 పోత గడ్డకట్టేటప్పుడు ముందుగా అల్యూమినియం తక్కువగా కరిగి ఉన్న మెగ్నీషియం రేణువులు పుడతాయి, వీటిని ఆల్ఫా ప్రావస్థ అంటారు. మిగిలిన ద్రవంలో అల్యూమినియం సాంద్రత పెరుగుతూ పోయి చివరికి 437 డిగ్రీల సెల్సియస్ వద్ద, పదిహేడు మెగ్నీషియం పరమాణువులకు పన్నెండు అల్యూమినియం పరమాణువులున్న బీటా ప్రావస్థ రేణు సరిహద్దుల్లో గడ్డకడుతుంది. ఈ బీటా తానుగా క్షయానికి బాగా తట్టుకుంటుంది, కాని పక్కనున్న ఆల్ఫాకు కాథోడ్ అవుతుంది. అది మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్న వాదం చాలాకాలం నడిచింది. 1989లో నార్వే పరిశోధకులు లుండెర్ తదితరులు బీటా పాత్రను నిశితంగా పరిశీలించగా, 1999లో క్వీన్స్‌లాండ్‌లో గ్వాంగ్‌లింగ్ సాంగ్, అట్రెన్స్, డార్గుష్ చేసిన పని ఆ వాదాన్ని ఒక కొలిక్కి తెచ్చింది. చేలో నీరు గట్టు తెగిన చోటునే పారినట్టు, బీటా సన్నని రేణువుల చుట్టూ తెంపు లేని వల లాగా అల్లుకుంటే క్షయం ఒక రేణువు నుంచి మరో రేణువుకు దాటలేక ఆగుతుంది. అదే బీటా అక్కడక్కడ విడివిడి ముద్దలుగా ఉంటే ఆపడం మాని, పక్క లోహాన్ని కరిగించే పనే చేస్తుంది.

ఈ తేడాను ఆ పరిశోధకులు ఒకే పోతలో చూపారు. చల్లటి ఉక్కు అచ్చుకు ఆనుకుని వేగంగా గడ్డకట్టిన పైతోలులో రేణువులు చిన్నవి, బీటా ఎక్కువ, అది తెగకుండా అల్లుకుని ఉంది, గాలి బొరియలు తక్కువ. నెమ్మదిగా చల్లారిన లోపలి భాగంలో రేణువులు పెద్దవి, బీటా తెగిపోయి ఉంది, బొరియలు ఎక్కువ. పాళ్లు ఒకటే అయినా పైతోలు ఉప్పునీటికి లోపలి భాగం కంటె స్పష్టంగా మెరుగ్గా తట్టుకుంది. నునుపు కోసం పోత పైభాగాన్ని లేత్ మీద చెక్కేయడమంటే దానికున్న సహజ రక్షణను తీసివేయడమేనన్నది దీనివల్ల తేలిన ఆచరణ సత్యం. వేడిచికిత్సతో కూడా ఈ నిర్మాణం మారుతుంది. అదే మిశ్రమలోహపు డై పోతను 160 డిగ్రీల వద్ద ఉంచినప్పుడు మొదట సరిహద్దుల్లో బీటా పెరిగి క్షయం తగ్గిందనీ, సుమారు 45 గంటలు దాటాక బీటా కోసం అల్యూమినియాన్ని పోగొట్టుకున్న ఆల్ఫా బలహీనపడి క్షయం మళ్లీ పెరిగిందనీ 2004లో సాంగ్, బౌల్స్, సెయింట్ జాన్ కనుగొన్నారు. రేణువు బయట ఉన్న బీటానూ, లోపల కరిగి ఉన్న అల్యూమినియాన్నీ కలిపి చూడనిదే క్షయవేగం అంచనాకు అందదు.

మెగ్నీషియం మిశ్రమలోహాల్లో అల్యూమినియం లేని మరో శాఖ జర్మనీలో మొదలై బ్రిటన్‌లో పెరిగింది. జిర్కోనియం కొద్దిగా చేర్చితే మెగ్నీషియం రేణువులు ఎంతో చిన్నవవుతాయని 1937లో సావర్‌వాల్డ్ కనుగొన్నాడు. మాంచెస్టర్ సమీపంలోని మెగ్నీషియం ఎలెక్ట్రాన్ సంస్థ యుద్ధానంతరం జిర్కోనియం కలిసిన మిశ్రమలోహాల కుటుంబాన్ని పరిశ్రమకు అందించింది. జిర్కోనియం ఇనుముతో కలిసి పాత్ర అడుగుకు దిగడం వల్ల లోహం తనంత తానే శుద్ధి అవుతుంది. సుమారు నాలుగు శాతం ఇట్రియం, మూడు శాతం నియోడిమియం తదితర అరుదైన మృత్తికా లోహాలు కలిసిన డబ్ల్యూఈ-43 ఈ శాఖలోదే, హెలికాప్టర్ గేర్‌బాక్సుల కోసం వృద్ధి చెందినదే.

అదే డబ్ల్యూఈ-43 కుటుంబం ఇటీవల వైద్యంలోకి రావడంతో ఈ చరిత్ర తన అతి పాత అధ్యాయానికి ముడిపడింది. అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ హ్యూస్ 1878లో రక్తనాళాలను కట్టడానికి మెగ్నీషియం తీగ వాడాడు. 1900 ప్రాంతంలో గ్రాజ్ నగరంలో ఎర్విన్ పయర్ నాళాలను కలిపే మెగ్నీషియం గొట్టాలను ప్రయత్నించాడు. 1906లో బెల్జియం శస్త్రవైద్యుడు అల్బాన్ లాంబోట్ పదిహేడేళ్ల కుర్రవాడి విరిగిన కాలి ఎముకకు మెగ్నీషియం పలకను, బంగారు పూత పూసిన ఉక్కు మేకులతో బిగించాడు. ఎనిమిది రోజుల్లో పలక చితికిపోయి, చర్మం కింద వాయువు పెద్ద మొత్తంలో పోగైంది. మేకులు పెద్ద కాథోడ్లుగా, పలక ఆనోడ్‌గా పనిచేయడమే ఇందుకు కారణం. లోహం లోపల ఇనుప కణం చేసే పనినే ఇక్కడ మేకులు బయటి నుంచి చేశాయి. లాంబోట్ ఆ పొరపాటును గ్రహించి ఉక్కును పూర్తిగా తప్పించాడు. ఆయన సహాయకుడు వెర్‌బ్రుగ్‌తో కలిసి తరువాత పిల్లల ఎముకలకు మెగ్నీషియం మాత్రమే వాడి మంచి ఫలితాలు సాధించాడు. అయినా నాటి లోహపు శుద్ధి ఒక రోగికీ మరో రోగికీ ఒకేలా లేకపోవడం, క్షయించని స్టెయిన్‌లెస్ స్టీలు అందుబాటులోకి రావడం వల్ల ఆ ప్రయత్నం మరుగునపడింది.

2013లో ఇట్రియం, అరుదైన మృత్తికా లోహాలు, జిర్కోనియం కలిసిన మెగ్నీషియం స్క్రూకూ, 2016లో అదే తరహా లోహంతో చేసిన గుండె రక్తనాళపు స్టెంటుకూ యూరప్‌లో అనుమతి లభించింది. ఇక్కడ క్షయాన్ని ఆపడం లక్ష్యం కాదు. ఎముక అతుక్కునేదాకా నిలిచి, ఆపైన వాయువు శరీరం భరించగలిగినంత మెల్లగా వెలువడేలా కరిగిపోవడం లక్ష్యం. అందుకోసం జింకు, కాల్షియం అతి స్వల్పంగా కలిసిన శుద్ధ మెగ్నీషియం మీద సాగుతున్న పనిలో కణాల జాతిని ఎంచుకోవడమే ప్రధానమైంది: మెగ్నీషియం, కాల్షియం మాత్రమే ఉన్న కణం మాతృలోహం కంటె చురుకైనది కనుక ముందు తానే కరిగిపోతుంది, జింకు కూడా చేరిన కణం మాతృలోహం కంటె నిదానమైనది కనుక చుట్టూ ఉన్నదాన్ని కరిగిస్తుంది, జింకు, కాల్షియం పాళ్లను బట్టీ, లోహాన్ని వేడిచేసి సాగదీసే ఉష్ణోగ్రతను బట్టీ వీటిలో ఏది పుడుతుందో నిర్ణయమవుతుంది.